రాహేలమ్మ లేసులో దొరకని తప్పు

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన మునగతిప్ప అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో కొల్లాబత్తుల రాహేలమ్మ లేసు అల్లిందంటే ఒక్క తప్పు కూడా దొర్లదని అందరూ చెప్పుకునేవారు. అది పొగడ్తే అనుకున్నారు. ఏదో ఒకనాడు అదే నేరమై కూర్చుంటుందని ఎవరూ అనుకోలేదు.

ఆ ఊరి లేసు సూదితో అల్లేది కాదు. పొట్టు దట్టించిన గుండ్రటి దిండు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చిల్లులు పొడిచిన అట్ట పరుస్తారు. జామకర్రతో చేసిన కండెలు వేలెడేసి ఉంటాయి. వాటికి దారం చుట్టి దిండు మీంచి వేలాడదీస్తారు. కండెల్ని జతలు జతలుగా పట్టుకుని ఒకదాని మీంచి ఒకటి దాటించడం, మెలి తిప్పడం, గుండుసూది గుచ్చడం. అంతే పని. అంతే అనడం తేలికే గానీ, నలభై ఎనిమిది కండెల్లో ఒక్కటి అటుదిటైతే పువ్వు కాస్తా పురుగులా తయారవుతుంది. ఎప్పుడో తాతల నాడు ఒక దొరసాని వచ్చి నేర్పిందట. దొరసాని వెళ్ళిపోయింది, కండెల టకటక మాత్రం చర్చి వెనక పేటలో ఉండిపోయింది.

ఆ పేటలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లకి ప్రధానం అయిన రోజునే పెళ్ళి ముసుగు అంచుకి దిండు మీద దారం వేస్తారు. పెళ్ళినాటి పొద్దుటిదాకా ఆ దారం తెంపరు, ఆ లేసు దిండు దిగదు. అల్లినంత మేర చుట్టచుట్టి, దిండుకి కట్టిన గుడ్డసంచిలో వేస్తూ ఉంటారు. రాహేలమ్మ మనవరాలు శుభవాణికి తల్లి లేదు. అందుకని ముసుగు పని మామ్మ మీద పడింది. ఆరు గజాల అంచులో ఐదు గజాలు పూర్తయ్యాయి. పెళ్ళికి ఇంకా నలభై రోజులుంది. గజం అల్లడానికి నలభై రోజులంటే రాహేలమ్మకి కాళ్ళు చాపుకుని కూర్చున్నంత పని.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి లేసు మీద ప్రేమ పుట్టింది.

పట్నం బజార్లో మిషను లేసుని చేతి లేసని చెప్పి అమ్ముతున్నారని ఎవరో రాశారు. దాని మీద సభలు జరిగాయి, సభల్లోంచి ఒక మండలి పుట్టింది. రాష్ట్ర సాంప్రదాయ లేసు శైలుల గుర్తింపు, బోధన మండలి అని దానికి పేరు. మిషన్లు ఎక్కడో పై రాష్ట్రాల్లో ఉన్నాయి, అంతదూరం వెళ్ళడానికి జీపుకి అనుమతి లేదు. చేతులైతే దగ్గర్లోనే ఉన్నాయి. కాబట్టి ముందు చేతుల్ని తనిఖీ చేద్దామని తీర్మానించారు.

మునగతిప్పకి వచ్చిన అధికారి పేరు పరాంకుశం గారు. శైలీ నిర్ధారణాధికారి. జేబులో భూతద్దం లేకుండా ఆయన ఇంట్లో భోజనానికి కూడా కూర్చోడని గుమస్తా చెప్పాడు. ఆయన రాహేలమ్మ అరుగు మీద బాసింపట్టు వేసుకుని, సంచిలోంచి లేసు లాగి, జానెడు జానెడు చొప్పున చూసుకుంటూ పోయాడు. మొదటి గజం చూశాక కళ్ళజోడు తుడుచుకున్నాడు. రెండో గజం చూశాక మంచినీళ్ళు అడిగాడు. ఐదో గజం అయ్యేసరికి ఆయన మొహం కందగడ్డలా అయింది.

"ఏమ్మా, ఇందులో లోపం ఎక్కడుంది?" అన్నాడు.

"లోపవేటండి? ఏం లేదండి."

"లేదని అంత ధైర్యంగా ఒప్పుకుంటున్నావా?"

రాహేలమ్మకి మాట నెమ్మది. ఏదైనా అడిగితే ముందు కండెలన్నీ ఒక పక్కకి సర్దుకుని, ఆ తర్వాతే నోరు విప్పుతుంది. ఆవిడ సర్దుకునేలోపు పరాంకుశం గారు పుస్తకం తెరిచి చదివేశాడు. "హస్తకృత వస్తువునందు జానెడుకు ఒకటికి తక్కువ కాకుండా మానవీయ లోపము ఉండవలెను. లోపరహితమైన వస్తువును యంత్రజన్యముగా భావించి, యంత్రమును కనుగొనువరకు సదరు వస్తువునకు ముద్ర వేయవలెను."

దాని అర్థం గుమస్తా విడమరిచి చెప్పాడు. మనిషన్నాక తప్పు చేస్తాడు. తప్పు లేదంటే మనిషి చెయ్యలేదు. మనిషి చెయ్యలేదంటే ఇంట్లో ఎక్కడో మిషను ఉంది.

ఇక వెతకడం మొదలుపెట్టారు. మంచం కింద చూశారు, గాదె వెనక చూశారు. పక్కింటి ఎలీసమ్మ కుట్టుమిషను, ఆవిడ కోడలి పిండి గ్రైండరు అరుగు మీదికి తెచ్చి విచారించారు. కోళ్ళగంప ఎత్తి చూస్తే పొదుగుతున్న పెట్ట గుమస్తా మణికట్టు మీద పొడిచింది. మిషను దొరకలేదు. దొరకలేదు కాబట్టి చాలా తెలివిగా దాచారని రాసుకుని, కండెల మీద కాగితం పట్టీ అంటించి, సంచి ముడికి లక్క పోసి ముద్ర వేశారు. శైలి నిర్ధారణ అయ్యేదాకా ఆ దిండు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దిండుతో సహా పట్టుకుపోతారు.

జీపు వెళ్ళాక శుభవాణి ఆ లక్క వంక చూస్తూ, "మామ్మా, నా ముసుగూ?" అంది. రాహేలమ్మ సర్దుకోవడానికి కండెలు కూడా లేవు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి పట్నంలో మండలి కార్యాలయానికి వెళ్ళారు. పరాంకుశం గారు చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించాడు. మండలి ఎవరి పొట్టా కొట్టడానికి పుట్టలేదని, శైలిని గుర్తించి కాపాడటానికే పుట్టిందని చెప్పాడు. ప్రతి ఊరి లేసుకీ ఒక సాంప్రదాయ లోపం ఉంటుంది, ఆ లోపాన్ని బట్టే శైలి తెలుస్తుంది, మునగతిప్ప శైలికి కూడా మండలి సూచికలో ఒక లోపం నమోదై ఉంది, ఆ లోపం చేసి చూపిస్తే దిండు వదిలేస్తాను అన్నాడు.

అదేదో చూపించండని రాహేలమ్మ అడిగింది. అద్దాల బీరువాలో నల్ల మఖమలు గుడ్డ మీద మూరెడు లేసు ముక్క పరిచి ఉంది. రాహేలమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. అది ఆవిడ తల్లి మార్తమ్మ పని. చర్చి బీరువాలో బల్లగుడ్డకి వేసిన అంచు. ఎప్పుడు పోయిందో గానీ ఇక్కడ తేలింది. ఏడో పువ్వులో ఎడమ రేకు లేదు. దాని చోట అంచులు పీకిన చిల్లు ఉంది. ఆ చిల్లు మీద ఇద్దరు పండితులు పుస్తకాలు రాశారని, ఏడో పువ్వు ఏడో రోజుకి గుర్తని, ఆ రోజున రేకుకి కూడా విశ్రాంతి ఇచ్చారని పరాంకుశం గారు గొంతు తగ్గించి చెప్పాడు.

రాహేలమ్మ చాలాసేపు చూసింది.

"అయ్యగారూ, ఇది ఎలక కొట్టిందండి," అంది.

పరాంకుశం గారు నొచ్చుకున్నాడు. "చూడమ్మా. ఈ సూచికలో దొరసానులున్నారు, మునసబులున్నారు, పాదిరీలున్నారు. ఎలుక ఎక్కడా లేదు. సూచికలో లేనిది జరగదు."

"మా అమ్మ సేతి పనండి. నాకు తెల్దా?"

"నీకు తెలిస్తే నీ లేసులో ఆ చిల్లు ఉండేది కదా. లేదంటే నువ్వు నీ సంప్రదాయం మరిచిపోయావన్నమాట. దానికి మండలే శిక్షణ ఇస్తుంది."

అలా మునగతిప్ప ఆడవాళ్ళకి మునగతిప్ప లేసు నేర్పడానికి ఇరవై ఒక్క రోజుల శిక్షణ మంజూరైంది. తాతకి దగ్గులు నేర్పడం అంటారే, ఆ మాటకి అప్పటిదాకా జీపు, టీఏ ఉండేవి కావు. ఇప్పుడవి కూడా కుదిరాయి.

నేర్పడానికి హిమజ అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయి. లేసు శైలుల్లో పెద్ద చదువు చదివింది. నలభై ఒక్క దేశాల లేసులు కళ్ళు మూసుకుని పేర్లు చెబుతుంది. కండె మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు, వాళ్ళ చదువులో అది ఐచ్ఛికమట. పంచాయతీ వరండాలో నల్లబల్ల మీద చిల్లు బొమ్మ గీసి, రేకు ఎక్కడ మానేయాలో బాణం గుర్తుతో చూపించింది. పేట ఆడవాళ్ళు పద్దెనిమిది మంది మండలి ఇచ్చిన దిండ్లు ముందేసుకుని కూర్చున్నారు. ఆరు పువ్వులు అల్లారు. ఏడో పువ్వు దగ్గర ఆగుదామనుకుంటూనే, మాటల్లో పడి రేకు కూడా అల్లేశారు. చేతులు వాళ్ళ మాట వినలేదు. చిన్నప్పటి నుంచి తప్పు దొర్లితే అమ్మచేత మొట్టికాయలు తిన్న చేతులవి.

వారం కష్టపడ్డాక కొందరికి రేకు మానేయడం పట్టుబడింది. పరాంకుశం గారు వచ్చి భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచాడు. రేకు లేని చోట అంచులు నున్నగా, ముచ్చటగా ఉన్నాయి. శుభ్రమైన లోపం లోపం కిందికి రాదని, అంచులు పీకినట్టు ఉండాలని, ఆ పీకుడులోనే సంప్రదాయం ఉందని ఉపన్యసించాడు. రాహేలమ్మ అయితే రేకు మానేయడం దగ్గరే ఆగిపోయింది. పదకొండు రోజుల్లో ఒక్క రేకు కూడా వదలలేకపోయింది. ఆవిడ పేరు పక్కన ఎర్రసిరాతో 'మందబుద్ధి' అని రాశారు.

పన్నెండో రోజున ఎలీసమ్మ ఒక ముక్క తెచ్చింది. పరాంకుశం గారు చూసి లేచి నిలబడ్డాడు. ఏడో పువ్వు, ఎడమ రేకు, అంచులు అచ్చం బీరువాలో ముక్కలాగే పీకి ఉన్నాయి. గుడ్డల మధ్య అణగిపోయిన శైలి మళ్ళీ ఊపిరి పోసుకుందని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఎలీసమ్మకి శైలీ నిష్ణాతురాలు అని అక్కడికక్కడే పత్రం రాసిచ్చాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు రాహేలమ్మ అడిగింది, ఎలా చేశావే అని. ఎలీసమ్మ అటూ ఇటూ చూసి, "ఏవుందక్కా. ఏడో పువ్వు ఎడం రేక్కి కాత్త ఉప్పుచేప నీసు రాసి గాదికింద పడేశాను. మిగతాది అదే సూసుకుంది," అంది.

నాలుగు రోజుల్లో ఆ విద్య పేటంతా పాకింది. శిక్షణలో ఉన్నవాళ్ళలో పదహారు మంది ప్రథమ శ్రేణిలో వచ్చారు. ఉప్పుచేప దొరకడం కష్టమైంది. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు వెనకబడిపోతున్నామని గోల పెడితే, పేటలో పిల్లులన్నిటినీ గోనెసంచుల్లో వేసి రేవు దాటించారు. అవతలి ఊరివాళ్ళు మాకెందుకీ పిల్లులని తగువుకి వచ్చారు. ఎలుకలు లేసుతో ఆగలేదు. గాదెల్లో ధాన్యం, చర్చిలో పాటల పుస్తకాలు, పంచాయతీ దస్త్రాలు, హిమజ గీసుకున్న చిల్లు బొమ్మలు, అన్నీ మునగతిప్ప శైలిలోకి వచ్చేశాయి.

ఒకనాడు పరాంకుశం గారి భూతద్దం కింద, ప్రథమ శ్రేణి ముక్క మీద ఎలుక పెంటిక కనబడింది. విచారణ జరిగింది. ఎలీసమ్మ దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఇక మండలి మూతపడుతుందని హిమజ భయపడింది. అయితే మండళ్ళు అలా మూతపడవు. ఉన్నత సమావేశం పెట్టి, మునగతిప్ప శైలిలో మూషిక సహకారము అవిభాజ్యమైన అంతర్భాగమని, అది తరతరాలుగా ఉన్నదని, ఇన్నాళ్ళూ సూచికలో చేర్చకపోవడం మండలి వినయమని తీర్మానించారు. ఇకమీదట ఎలుక కొట్టని లేసు మునగతిప్ప లేసు కాదు. పందికొక్కులు అనుమతించబడవు. పొరుగూరి ఎలుకలతో చేయించినట్టు రుజువైతే పత్రం రద్దవుతుంది.

పెళ్ళికి పదిరోజులుంది. పరాంకుశం గారు స్వయంగా రాహేలమ్మ ఇంటికి వచ్చి, ఆవిడ వయసుని మన్నించి మండలి ఒక వెసులుబాటు ఇచ్చిందని చెప్పాడు. ఆవిడ తప్పు చెయ్యక్కర్లేదు. ముసుగు అంచు ఒక్క రాత్రి గాదె కింద ఉంచితే చాలు. మిగతాది సహకారి చూసుకుంటుంది. తెల్లారి ముద్ర విప్పేస్తారు.

శుభవాణి మామ్మ మొహం చూసింది. చూసి, "పోన్లే మామ్మా. చిల్లున్నా పర్లేదు. నువ్వల్లిందే గదా," అంది. అంటూనే అవతలికి తిరిగింది. పిల్ల ఏడుస్తోందని రాహేలమ్మకి వీపు చూస్తేనే తెలిసింది.

"ఎలక్కొట్టిన ముసుగేసి పిల్లని దేవుడి ముందర నిలబెట్టలేనండి," అంది రాహేలమ్మ. పరాంకుశం గారు అది కూడా రాసుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం హిమజ వచ్చింది. శిక్షణ మొదలైన రెండోరోజు నుంచీ ఆ అమ్మాయి రోజూ సాయంత్రాలు రాహేలమ్మ దగ్గర కండె పట్టడం నేర్చుకుంటోంది. ముందు దాటించడం, తర్వాత మెలి తిప్పడం. నలభై ఒక్క దేశాలు తెలిసిన పిల్లకి ఒక రేకు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ రోజు కండెలు చుడుతూ, కార్యాలయం కిందనే ఒక కొట్టుందని, అక్కడ మిషను లేసు తానులకి తానులు అమ్ముతున్నారని, మండలి ఏమీ చెయ్యలేకపోతోందని చెప్పింది. ఎందుకూ అంటే మండలి చట్టం చేతి లేసుకే వర్తిస్తుంది. మిషను మీద వాళ్ళకి అధికారం లేదు.

రాహేలమ్మ చేతిలో కండెలు ఒక పక్కకి సర్దింది. చాలాసేపు సర్దింది.

"అంటే మిషన్నేవీ అనలేరా అమ్మా ఆళ్ళు?"

"అనలేరు మామ్మగారూ."

మర్నాడు రాహేలమ్మ పట్నం వెళ్ళి, తనకి ఆఖరిసారి పరీక్ష పెట్టమని అడిగింది. పరాంకుశం గారు, మరో ఇద్దరు సభ్యులు బల్ల వెనక కూర్చున్నారు. కొత్త దిండు ఇచ్చి, ఏదైనా సరే ఒక్క తప్పు చేసి చూపించమన్నారు. ఆవిడ పొద్దున్న పది గంటలకి మొదలుపెట్టింది. తప్పు చెయ్యాలని నిజంగానే ప్రయత్నించింది. కళ్ళు మూసుకుని అల్లింది. ఎడం చేత్తో అల్లింది. సభ్యుల్లో ఒకాయన మధ్యలో పెద్దగా తుమ్మి సాయం చేశాడు. ఇంకొకాయన బల్ల కదిపాడు. మధ్యాహ్నం మూడింటికి బెత్తెడు లేసు తేలింది. ముగ్గురూ భూతద్దం చేతులు మార్చుకుంటూ చూశారు. అట్ట మీద చిల్లులెలా ఉన్నాయో, లేసు అలాగే ఉంది.

పరాంకుశం గారు భూతద్దం బల్ల మీద పెట్టేశాడు. అప్పుడు రాహేలమ్మ మెల్లగా చెప్పింది.

"అయ్యగారూ, ఇల్లంతా ఎతికారు గదండీ మిషను కోసం. దొరకలేదని తవరి పుస్తకంలో బాకీగా ఉండిపోయింది. అది నేనేనండి. అలాగని రాసిచ్చెయ్యండి."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రూలు ప్రకారం చూస్తే అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. తప్పు చెయ్యలేదు కాబట్టి మనిషి కాదు. లేసు వచ్చింది కాబట్టి యంత్రం. పైగా నెల రోజుల్నుంచి తెగని దస్త్రం తెగుతుంది. పరాంకుశం గారికి ఒక్కటే అనుమానం వచ్చింది, మాట్లాడే యంత్రాలు ఉంటాయా అని. ఈ మధ్య అన్నీ మాట్లాడుతున్నాయని గుమస్తా చెప్పాడు. అంతే, పత్రం రాశారు. కొల్లాబత్తుల రాహేలమ్మ, మునగతిప్ప, అరవై ఎనిమిదేళ్ళ నాటి తయారీ, లేసు అల్లు యంత్రము, దేశవాళీ రకము. ఈ యంత్రముగానీ, దీని నుండి వెలువడు సరుకుగానీ మండలి పరిధిలోకి రావు. అయితే ఆ సరుకులో మానవీయ లోపమేదైనా కనబడిన ఎడల అది హస్తకృతమని తేలును గనుక, మళ్ళీ ముద్ర వేయబడును.

శుభవాణి ఆ పత్రం చదివి నవ్విన నవ్వుకి అరుగు మీద కోళ్ళు చెదిరిపోయాయి.

ముద్ర విప్పి దిండు చేతికి వచ్చేసరికి పెళ్ళికి ఆరు రోజులుంది. గజం లేసు బాకీ. రాహేలమ్మ పొద్దు పొడవక ముందు కూర్చుని పొద్దుగూకేదాకా లేవలేదు. హిమజ సెలవు పెట్టి వచ్చి కండెలు చుట్టి అందించింది, గుండుసూదులు తీసి ఇచ్చింది. శుభవాణి అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. యంత్రానికి చమురు పోస్తున్నానని వచ్చేపోయేవాళ్ళకి చెప్పింది. ఐదో రోజు మధ్యాహ్నానికి రాహేలమ్మ బొటనవేళ్ళు కొయ్యబారిపోయాయి. వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుంటే, ఆ కాసేపు హిమజ దిండు ముందు కూర్చుంది. నాలుగు పువ్వులు అల్లింది. మూడో పువ్వులో ఒక రేకు, ఒక్క మెలి తక్కువై, పక్కకి వాలిపోయింది.

రాహేలమ్మ చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. విప్పేస్తాను మామ్మగారూ, అంది హిమజ. విప్పి మళ్ళీ అల్లాలంటే పూట పోతుంది. అప్పటికి మిగిలింది ఒక్క పూటే. ఆ వంకర రేకుని రాహేలమ్మ వేలితో ఒకసారి నిమిరింది. "ఉండనీమ్మా," అని తన పనిలో తను కూర్చుంది.

పెళ్ళినాడు పొద్దున్న దారం తెంపి, అంచు ముసుగుకి కుట్టి, శుభవాణి తలమీద వేశారు. చర్చి గడప దగ్గర పిల్లని నిలబెట్టి, లోపల పాట అందుకోవడం కోసం చూస్తున్నారు. అప్పుడు జీపు వచ్చింది. పరాంకుశం గారు తెల్లబట్టల్లో, చేతిలో బహుమతి పొట్లంతో దిగాడు. పెళ్ళికే వచ్చాడు పాపం, రాహేలమ్మే పిలిచింది. ఇక్కడ అక్షింతలు వేస్తారా అని ఎవరినో మర్యాదగా అడిగాడు కూడా. కానీ అలవాటు పడ్డ చెయ్యి జేబులోకి వెళ్ళింది. భూతద్దం తీసి, ఒంగి, ముసుగు అంచు పట్టుకుని జానెడు జానెడు చొప్పున జరిపాడు. హిమజ తలుపు చెక్క పట్టుకుంది. ఆయన చెయ్యి ఆగింది.

"రాహేలమ్మా. ఈ రేకు వాలింది."

ఆయన ఇంకా ఒంగాడు. "ఒక మెలి తక్కువ. ఇది లోపమే. లోపమైతే చేతి పని. చేతి పనైతే..." అంటూ లక్క కోసం గుమస్తా వైపు చూశాడు.

రాహేలమ్మకి ఈసారి సర్దుకోవడానికి చేతిలో ఏమీ లేదు. అయినా తొందరపడలేదు. కొంగు సర్దుకుంది.

"చేతి పని కాదండయ్యగారూ. ఎండలకి మిషను ఏడెక్కిపోయింది. అక్కడ కాత్త రిపేరొచ్చింది."

పరాంకుశం గారు ఆలోచించాడు. భూతద్దం మడిచి, పుస్తకం తీసి, 'యంత్ర దోషము. సహజము' అని రాసి సంతకం పెట్టాడు. ఏడాదికొకసారి మరమ్మతు చేయించమని మెల్లగా సలహా ఇచ్చి, దారి వదిలి పక్కకి జరిగాడు.

లోపల పాట అందుకున్నారు. శుభవాణి నవ్వు ఆపుకోలేక ముసుగు మొహం మీదికి లాక్కుని గడప దాటింది.